రాతి మీద కావలి

(గండి దగ్గర మన వాడల యువజనులు జరుపుకున్న సమావేశంలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



గోడకు కట్టిన ఈ బొమ్మ గురించి మాట్లాడమని మమ్మల్ని పిలిచినారు. మేము చిత్రకారులం కాము. బడిలో పిల్లలకు తెలుగూ సాంఘికశాస్త్రమూ చెప్పుకునేవాళ్లం. మా ఇండ్లల్లో మాకంటే ముందు పలక పట్టినవాళ్లు లేరు. అయినా బొమ్మ చూసేదానికి డిగ్రీ అక్కర్లేదు. కండ్లుంటే చాలు, ఆ కండ్లను కాసేపు ఒకచోట నిలపాల, అంతే.

బొమ్మ గీసింది మన వాడ అమ్మాయే. పేరు చెప్పొద్దంది, చెప్పడం లేదు. డ్రాయింగు లోయరు పాసయింది, హయ్యరుకు ఫీజు కట్టింది. పగలు శెనక్కాయ కూలికి పోయి, రాత్రిళ్లు గీసింది. ఒక డ్రాయింగు షీటు, మూడు పెన్సిళ్లు, ఒక రబ్బరు. పెన్సిళ్లు హెచ్‌బి, 2బి, 6బి. పెట్టుబడి అంతే.

తగువు ఏందంటే, ఆగస్టు 6న చుండూరు అమరుల సభకు ఈ బొమ్మను కమ్యూనిటీ హాలులో పెట్టాలని యువకులు అంటున్నారు. సంఘ పెద్దలు కొందరు శవాల బొమ్మ శుభం కాదన్నారు. ఇంకొందరు పెట్టండి గానీ దిద్ది పెట్టండి అన్నారు. తల్లి కంట్లో నీళ్లు లేవు, నీళ్లు గీయమన్నారు. పైనున్న ఏడుగురికీ ముఖాలు లేవు, ముఖాలు పెట్టమన్నారు. నిన్న ఒక తమ్ముడు వచ్చి మూడో మాట అడిగినాడు. అది వీటికంటే గట్టి ప్రశ్న. దాని దగ్గరికి వస్తాం.

ముందు కథ తెలియాల. ఇక్కడ చర్చికి పోయేవాళ్లూ వున్నారు, పోనివాళ్లూ వున్నారు, బుద్ధుని దీక్ష తీసుకున్నవాళ్లూ వున్నారు. ఇది అందరికీ చెప్పే కథ. రెండవ సమూయేలు, 21వ అధ్యాయం. దావీదు రాజ్యంలో వరసగా మూడేండ్లు కరువు. ఎందుకిట్లా అంటే, వెనకటి రాజు సౌలు గిబియోనీయులను చంపించినాడు, ఆ నెత్తురు లెక్క తీరలేదు అని దేవుని జవాబు. ఈ గిబియోనీయులు ఎవరు? యెహోషువ 9వ అధ్యాయం తీసి చూడండి. కట్టెలు కొట్టేదానికి, నీళ్లు మోసేదానికి తరతరాలుగా కట్టుబడిన జనం. ఆ బతుకేందో మనకు వేరేవాళ్లు విడమరచి చెప్పాల్సిన పనిలేదు. దావీదు వాళ్లను పిలిచి ఏం కావాలన్నాడు. వెండి బంగారాలు వద్దు, సౌలు ఇంటి మగవాళ్లు ఏడుగురిని ఇయ్యి అన్నారు. రాజు ఇచ్చినాడు. సౌలు కూతురి కొడుకులు అయిదుగురు. సౌలు ఉపపత్ని రిస్పా కొడుకులు ఇద్దరు. కొండమీద ఏడుగురినీ వేలాడదీసినారు. యవలు కోతకు వచ్చిన కాలం అది. రిస్పా గోనెపట్ట తీసుకుపోయి బండమీద పరుచుకుంది. కోత మొదలు వాన పడేదాకా, పగలు పక్షిని వాలనీలేదు, రాత్రి మృగాన్ని దగ్గరికి రానీలేదు. ఎన్ని దినాలో లెక్క అక్కడ రాసిలేదు.

ఈ సంగతి దావీదు చెవిన పడింది. అప్పుడు కదిలినాడు రాజు. సౌలు ఎముకలు, యోనాతాను ఎముకలు తెప్పించి, ఈ ఏడుగురి ఎముకలూ ఏరించి, బెన్యామీను దేశంలో సమాధి చేయించినాడు. దేశం కోసం చేసిన మొర దేవుడు విన్నది ఆ తర్వాతనే అని రాసివుంది. వేలాడదీసిన దినాన విన్నట్టు లేదు. ఈ సంగతి మేము చిన్నప్పుడు విన్న ఏ ప్రసంగంలోనూ రాలేదు. ఇంకొకటి గమనించండి. ఆ అధ్యాయమంతా వెతికినా రిస్పా నోట ఒక్క మాట లేదు.

ఇంక బొమ్మకు వద్దాం. ఎవరూ మాట్లాడకుండా రెండు నిమిషాలు చూడండి.

చాలు. కన్ను మొదట యాడికి పోయింది? పెద్దమ్మ ఆ చేతికి అంటోంది. ఈ అబ్బీ వడిసెలకు అంటున్నాడు. ఆ వెనక నుంచి పిట్ట అన్నారు. శవాలకు అని ఒక్కరూ అనలేదు. ఏడు శవాలున్న బొమ్మలో మొదటి చూపు శవాల మీద పడలేదంటే అది తనంతట తాను జరిగేది కాదు. గీసిన చెయ్యి మన చూపును పట్టుకుని తీసుకుపోయింది.

ఎట్ల తీసుకుపోయిందో చూడండి. షీటును నిలువుగా పెట్టింది. పై భాగంలో ఏడు కొయ్యలు నిట్టనిలువు గీతలు. కింద బండ అడ్డంగా పరుచుకున్న గీతలు. నిలువూ అడ్డమూ రెండూ కదలని గీతలు. చావు కదలదు, రాయి కదలదు. ఎడమ పై మూల నుంచి పక్షులు ఏటవాలుగా దిగుతున్నాయి. ఆ వాలు సూటిగా వచ్చి తగిలే చోట ఈ తల్లి నిలబడి వుంది, నట్టనడుమ కాకుండా కొంచెం కుడికి జరిగి. ఆమె తలపైన వడిసెల తిరుగుతోంది. బొమ్మ మొత్తంలో గుండ్రంగా తిరిగే గీత అదొక్కటే. అన్ని గీతలూ నిలబడిపోయిన చోట ఒకే ఒక గీత తిరుగుతా వుంటే కన్ను దాని దగ్గరికి పోక యాడికి పోతుంది? అక్కడి నుంచి పిడికిలికి, పిడికిలి నుంచి మోచేతికి, భుజానికి, ముఖానికి, చీర కుచ్చెళ్ల వెంట పాదానికి, పాదం కింద గోనెపట్టకు. మీ వేలితో గాలిలో గీసి చూడండి, దారి తెలుస్తుంది.

బైబిల్లో ఈ కథలో వడిసెల లేదు. ఆమె పక్షులను దేనితో తోలిందో రాసిలేదు. ఫ్రాన్సు దేశపు గుస్తావ్ డోరే అనే ఆయన 1866లో అచ్చయిన పెద్ద బైబిలుకు బొమ్మలు వేసినాడు. అవి ప్రపంచమంతా తిరిగినాయి, మిషనరీల పుస్తకాల్లో మన దాకా వచ్చినాయి. ఆ బొమ్మల్లో ఈ రిస్పా కూడా వుంది, చెయ్యెత్తి గద్దలను అదిలిస్తా వుంటుంది. గొప్ప పనివాడు, ఒప్పుకోవాల. చీకటినీ వెలుగునూ ఎదురెదురుగా నిలబెట్టి గుండె దడపుట్టిస్తాడు. అయితే ఆయన రిస్పాను చూస్తే నాటకంలో ఆఖరి రంగం గుర్తుకొస్తుంది. ఈ అమ్మాయి రిస్పాకు ఆఖరు లేదు. నిన్న చేసిన పనే ఈ పొద్దూ చేస్తోంది, రేపూ చేస్తుంది. ఎందుకంటే గీసిన పిల్ల జొన్నచేలో మంచె ఎక్కి కావలి కాసిన పిల్ల. వడిసెలకు ఒక తాడు వేలికి ఎట్ల తగిలించుకోవాల, రెండో తాడు ఏ క్షణాన వదలాల, రాయి వదిలేటప్పుడు ఏ కాలు మీద బరువు పడాల, ఇవన్నీ ఆమె ఒంటికి తెలుసు. ఎడమ పాదం చూడండి. బొటనవేలు బండను కరుచుకుని వుంది. మడమ పగుళ్లను 6బి పెన్సిలుతో ఒత్తి గీసింది. ఆ పాదం కింద గోనెపట్ట ముడుచుకుపోయి వుంది, ఎన్ని దినాలుగానో తొక్కి తొక్కి. ‘చాలా దినాలు’ అని చెప్పేదానికి బొమ్మలో వేరే తోవ లేదు. రాసేవాడైతే ఒక మాట రాసి ఊరుకుంటాడు. గీసేవాళ్లు మడమలో చూపించాల.

ఇప్పుడు కన్నీళ్ల సంగతి. మన ఆడవాళ్లు శవం దగ్గర రాగం తీసి ఏడుస్తారు. చచ్చినవాడి బతుకంతా ఆ రాగంలో చెప్తారు. అదొక విద్య, దాన్ని తక్కువ చేసి మాట్లాడం. ఈ తల్లీ ఏడ్చే వుంటుంది. అయితే బొమ్మలో వున్నది ఏడ్చే పొద్దు కాదు, కాసే పొద్దు. ఆమె చూపు ఎటుందో పట్టుకోండి. కొడుకుల వైపు లేదు. పిట్ట మీద వుంది. పిట్టను చూడకుండా వడిసెల విసిరితే రాయి తగలదు కదప్పా! కొడుకుల వైపు ఒకసారి తిరిగి చూసుకునే తీరిక కూడా ఆమెకు లేదు. మాకు కడుపులో దేవినట్టయింది అక్కడే. మూసుకున్న నోరు, మెడమీద లేచిన నరం, పిట్టమీద నిలిచిన కన్ను. ఆ కంట్లో నీటిచుక్క పెట్టినామనుకోండి, చూపు మసకబారుతుంది. మసక చూపుతో కావలి కాయలేదు. అప్పుడు బొమ్మలో వున్నది పనిచేసే మనిషి కాకుండా మన జాలికోసం కూర్చున్న మనిషి అవుతుంది. జాలి చూపే బొమ్మలు మనమీద చానా వచ్చినాయి. సినిమా పోస్టర్లనిండా వున్నాయి. దిద్దవద్దు అని మా అభిప్రాయం.

గోనెపట్ట అనంగానే ఈ అమ్మాయికి ఏం గుర్తొచ్చిందో మేము అడగలేదు. మాకు గుర్తొచ్చింది చెప్తాం. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి చంపినారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేసినారు. చచ్చినవాళ్లకు గుర్తు కూడా మిగలకూడదని చేసిన పని అది. అక్కడి మనవాళ్లు ఆ శవాలను యాడో ఊరి బయట పూడ్చి ఊరుకోలేదు. ఊరి నడుమ పాతిపెట్టి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. కొట్లాడి ఆ ఊర్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది. నరికిన దినం నుంచి ఆ తీర్పు దాకా దాదాపు 23 సంవత్సరాలు. సాక్ష్యం చెప్పినవాళ్లు అదే ఊర్లో అదే వీధుల్లో బతుకుతా, కోర్టు మెట్లు ఎక్కుతా దిగుతా ముసలివాళ్లయినారు. కావలి అంటే మనకు అది. ఆ సభలో ఈ బొమ్మ అశుభం ఎట్లా అవుతుందో పెద్దలు మాకు చెప్పాల.

ముఖాల సంగతి. ఏడుగురికీ ఒళ్లు గీసి, ముఖం దగ్గరికి వచ్చేసరికి కాగితం తెల్లగా వదిలేసింది. పని పూర్తి చేయలేదని కొందరంటున్నారు. ఇంత దూరం నుంచి వచ్చినాం, ఇది గండి. పాపఘ్ని కొండను చీల్చుకుని పోయే చోటు. శ్రావణ శనివారాల్లో ఇక్కడ ఎంత జనమో మీకు తెలుసు. ఆ గుడిలో వీరాంజనేయుడు శిల్పి చెక్కిన విగ్రహం కాదని, రాముడు బాణం మొనతో బండమీద గీసిన బొమ్మ అని స్థలపురాణం చెప్తుంది. ఎడమచేతి చిటికెనవేలు గీయకుండా వదిలిపెట్టి పోయినాడట, తర్వాత ఎవరో శిల్పి ఆ వేలు పూర్తి చేయబోతే నెత్తురు కారిందట. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం, మేమైతే పురాణాలను వేరే లెక్కన చూసేవాళ్లం. కానీ ఆ కథ చెప్పుకున్నవాళ్లకు బొమ్మల సంగతి ఒకటి బాగా తెలుసు. వదిలేసిన చోటు కూడా బొమ్మలో భాగమే, అక్కడ ఇంకొకరు ఉలి పెడితే గాయమే అవుతుంది. గండిలో దేవునికి వేలు లేకపోతే మహిమ, మన పిల్ల ముఖం వదిలిపెడితే పని రాకపోవడమా?

ముఖాలు ఎందుకు వదిలినావమ్మీ అని అడిగినాం. ‘ఏ ముఖం పెట్టినా ఒక ఊరోళ్ల ముఖం అయిపోతుంది సార్’ అంది. అంతకంటే మాట్లాడలేదు. కారంచేడు తల్లి 1985ను చూసుకుంటుంది, చుండూరు తల్లి 1991ను చూసుకుంటుంది. ఈ జిల్లాలో బాంబులకు, వేటకొడవండ్లకు పోయిన కూలోళ్ల పెండ్లాలు తమవాళ్లను చూసుకుంటారు. ఆ తెల్లకాగితం వాళ్లందరిది.

ఇప్పుడు ఆ తమ్ముడి ప్రశ్న. ‘సార్, ఆ కథలో మనం గిబియోనీయులం గదా. చంపించింది సౌలు. చచ్చింది సౌలు కొడుకులూ మనవళ్లూ. రాజు ఇంటి శవాలకు రాజు ఇంటి ఆడమనిషి కాపలా కాస్తే మనం ఎందుకు బొమ్మ గీసుకోవాల, ఎందుకు కడుపు తరుక్కుపోవాల?’

మంచి ప్రశ్న. దాటవేయం. గిబియోనీయులు న్యాయం అడిగినారు, అడిగేదానికి వాళ్లకు హక్కుంది. వెండి బంగారం తీసుకుని రాజీ పడలేదు చూడండి, అది మామూలు సంగతి కాదు. ఎక్స్‌గ్రేషియా చెక్కు చేతిలో పెట్టి కేసు మూసేయాలని చూసే కాలంలో మనం బతుకుతున్నాం. అయితే వాళ్లకు దొరికిందేమిటి? చంపించిన సౌలు అప్పటికే పోయినాడు. ఆయన చేసినదానికి అడ్డంగా దొరికింది ఎవరు? సింహాసనం మీద కూర్చోనివాళ్లు. అందులోనూ రిస్పా పెండ్లాం హోదా కూడా లేని ఆడమనిషి. ఆమె కొడుకులను ఇయ్యడం దావీదుకు ఖర్చులేని పని. కట్టెలు మోసేవాళ్లు ఆ దినం తర్వాత కట్టెలు మోయడం మానినట్టు ఆ అధ్యాయంలో లేదు. ఈ ప్రాంతంలో నాయకులు ఇద్దరు కొట్లాడుకుంటే ఇటొక జీతగాడు, అటొక జీతగాడు చస్తారు. నాయకులిద్దరూ రాజీ పడి ఒకే పెండ్లి పందిట్లో భోంచేస్తారు. రెండు ఇండ్లల్లో ముండమోసినవాళ్లు మాత్రం మిగులుతారు. ఆ లెక్క తెలిసినవాడికి ఈ కథ దూరం కాదు.

ఈ అమ్మాయి ఇదంతా ఆలోచించింది అనేదానికి సాక్ష్యం బొమ్మలోనే వుంది. దూరం నుంచి కనపడదు, దగ్గరికి రండి. ఎడమ కింది మూలలో చూడండి. ఒక కట్టెలమోపు, పక్కన రెండు కుండలు, తలపాగా మనిషి ఒకడు, చంకలో బిడ్డతో ఒక ఆడమనిషి. గిబియోనీయులు. వాళ్లు పైన వేలాడేవాళ్లను చూడడం లేదు. రిస్పాను చూస్తున్నారు. ఆ ఆడమనిషి చెయ్యి నేలమీద రాయి అందుకోబోతోంది. ఎవరి మీద వేసేదానికి? తల్లి వడిసెలకు అందించేదానికేనని మేము అనుకుంటున్నాం. మీకు ఇంకోలా తోచవచ్చు. రాజు యాడున్నాడు? లేడు. కోట లేదు, సింహాసనం లేదు. షీటు మీద ఆయనకు జాగా ఇయ్యలేదు ఈ పిల్ల.

మేము ఒప్పుకోని చోటు అదే. ఇంత ముఖ్యమైన మనుషులను హెచ్‌బితో పలచగా, ఉండీ లేనట్టుగా గీసింది. తర్వాత గుర్తొచ్చి చేర్చినట్టుంది. కట్టెలు మోసేవాళ్లను మూలలో పలచగా గీసే అలవాటు మనకు ఎవరు నేర్పినారో ఆలోచించుకోవాల. అక్కడ 6బి పడాల. కుడి మోచెయ్యి కొంచెం పొడుగయింది, దాన్ని లెక్క చేయనక్కర్లేదు. పక్షులన్నీ ఒకే కొలతలో, అచ్చు గుద్దినట్టున్నాయి. పైగా అవి గద్దలు, రాబందులు కావు. తప్పు ఆమెది కాదులే, ఆమె రాబందును ఎన్నడూ చూడలేదు. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ అనే నొప్పిమందు చచ్చిన పశువు మాంసంతో రాబందుల కడుపులోకి పోయి, మూత్రపిండాలు చెడి, 1990ల నుంచి దేశమంతా కుప్పలుగా చచ్చినాయి. పశువులకు ఆ మందు నిషేధించింది 2006లో. గొడ్డు పడితే మనవాళ్లు పోయేలోపల ఆకాశంలో తిరిగే రాబందుల గురించి మా జేజి చెప్పేది. ఈ పిల్లలకు అదీ కథే.

సండే స్కూలు బొమ్మలతో పెరిగినవాళ్లం మనలో చానామంది. నీలి కండ్ల యేసు, తెల్లటి గొర్రెపిల్ల, రంగురంగుల గుడ్డలు. ఆ బొమ్మల్లో మనలాంటి కాళ్లు వుండేవి కావు. మన తెలుగువాడే, లూథరన్ పాస్టరు పులిదిండి సాల్మన్ రాజు విజయవాడలో కూర్చుని బాటిక్ గుడ్డల మీద, చెక్క అచ్చుల్లో బైబిలు కథలను ఈ నేల మనుషులతో వేసినాడు. 2019లో పోయినాడు. ఆయన పనిని మన వాడలకు తెచ్చి చూపించుకోవాల్సింది, ఇప్పటికైనా చేయాల. అమెరికాలో డొరొతి డే వాళ్లు 1933లో కాథలిక్ వర్కర్ అని ఒక సెంటు పత్రిక పెట్టినారు, మన ఈ పత్రిక మాదిరిదే. హిట్లరు కాలంలో జర్మనీ వదిలి వచ్చిన ఐకెన్‌బర్గ్ అనే ఆయన దానికి చెక్క అచ్చుల బొమ్మలు ఇచ్చేవాడు. ఒక దాంట్లో పేదవాళ్లు రొట్టె కోసం వరసలో నిలబడి వుంటారు. నడుమ క్రీస్తు కూడా వరసలోనే, ఎత్తులో వాళ్లకంటే పెద్ద చేయలేదు. ముఖం చీకట్లో వుంటుంది. తల చుట్టూ వెలుగు వుంది గనుక గుర్తు పడతాం. నల్లది నల్లగా, తెల్లది తెల్లగా వుంటుంది కాబట్టి ఎంత చవక కాగితం మీదయినా ఆ బొమ్మ చెడదు.

పెన్సిలుకు ఆ సౌకర్యం లేదు. జిరాక్సు తీస్తే ఈ బొమ్మలో బండ మాయమవుతుంది, రిస్పా గాలిలో నిలబడుతుంది. పత్రికలో వేయాలంటే అమ్మాయి నల్లసిరాతో ఇంకోసారి గీయాల. అంతవరకు ఈ షీటును చేతులతో తడమవద్దు, చెమట తగిలితే 6బి పూసుకుపోతుంది. పొద్దున్నే ఒకాయన వేలు పెట్టి చూపిస్తే కొయ్య ఒకటి మసకబారింది. అద్దం వేయించాల, అద్దం కాగితానికి ఆనకుండా చుట్టూ అట్ట పెట్టించాల. పులివెందులలో ఫ్రేము కట్టేవాళ్లున్నారు. చందా ఎవరి దగ్గర వసూలు చేయాల్నో యువకులు ఈ పొద్దే తేల్చండి. ఆ కట్టెలమోపు దగ్గర నలుపు పెంచేది వుంటే ఫ్రేముకు పోకముందే, ఆ అమ్మాయి చేతితోనే జరగాల. ఇంకొకరి పెన్సిలు దానిమీద పడకూడదు.

సంఘ పెద్దలు లేచినారు. మాట్లాడనీయండి, వింటాం.